తాడు రెండో కొస ఎక్కడుంది?

సంక్రాంతి దగ్గర పడుతోందని మా అపార్టుమెంటుకు రంగులు వేయిస్తున్నారు. మేముండేది ఎనిమిదో అంతస్తు. పొద్దున్నే నేను పేపరు తిరగేస్తుంటే హాల్లోంచి మనవరాలి కేక.

"తాతయ్యా! కిటికీలో కాళ్లు దిగుతున్నాయి!"

వెళ్లి చూద్దును కదా, నిజంగానే కాళ్లు. ముందు కాన్వాసు బూట్లు, తర్వాత రంగు మరకల ప్యాంటు, ఒక చెక్క పలక, దాని పక్కన వేలాడే రంగు డబ్బా, ఆఖరికి మనిషి. మాకేసి చూసి నవ్వాడు. రోలరు డబ్బాలో ముంచి తన పనిలో పడిపోయాడు. అంత ఎత్తున, అరుగు మీద కూర్చున్నంత కులాసాగా ఉన్నాడు.

మనవరాలు కన్నార్పకుండా చూసి చూసి అడిగింది: "ఆయన్ని ఎవరు పట్టుకున్నారు తాతయ్యా?"

ముప్పై ఏళ్లు బళ్లో సైన్సు చెప్పినవాణ్ణి, ప్రశ్న విని ముచ్చటేసింది. మనమైతే తాడు గట్టిదేనా అని అడుగుతాం. పిల్ల అడిగింది అది కాదు. తాడెంత గట్టిదైనా దానికి రెండు కొసలుంటాయి. ఒక కొసన ఆ అబ్బాయి కూర్చున్నాడు. మరి రెండో కొస ఎక్కడుంది? ఈ పూట మన కబుర్లన్నీ దాని గురించే.

ముందు ఈ కొసన ఉన్న పలక సంగతి చూద్దాం. హైదరాబాదు పెయింటర్లు దీన్ని 'జూలా' అంటారు, అంటే ఉయ్యాల. ఇంగ్లీషువాళ్లు 'బోసన్స్ చెయిర్' అంటారు. బోసన్ అంటే ఓడలో కళాసీల మీద పెద్ద. తెరచాప ఓడల కాలంలో స్తంభానికి రంగు పుయ్యాలన్నా, పైనున్న తాళ్లు బాగుచెయ్యాలన్నా ఒక పలకకు తాళ్లు కట్టి, దానిమీద మనిషిని కూర్చోబెట్టి పైకి లాగేవాళ్లు. మన దేశపు కళాసీలు ఆ పెద్దను సారంగు అనేవారు. గోదావరిలో లాంచీ నడిపే ఆయన్ని ఇప్పటికీ సరంగు అనే పిలుస్తాం. కాబట్టి దీన్ని మనం 'సరంగు పీట' అనుకుందాం. ఓడ మీది పీట మేడ మీదికి చేరింది, అంతే.

ఈ పీట సుమారు రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు. నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు. చూడ్డానికి వడ్రంగి పావుగంటలో చేసేలా ఉంటుంది కానీ అడుగున ఒక కిటుకుంది. తాళ్లు రంధ్రాల్లోంచి దిగి ఊరికే ముడిపడవు. పలక కింద ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ వెళ్లి ఎదుటి మూలన పైకి వస్తాయి. అమెరికా భద్రతా నిబంధనల్లో ఇది రాసిపెట్టి ఉంది.

"ఎందుకలా?"

"పలక విరిగిందనుకో. తాళ్లు మూలల్లో ముడేసి ఉంటే మనిషి మధ్యలోంచి జారిపోతాడు. కింద ఇంటూ గుర్తులా దాటుకుని ఉంటే తాళ్ల మీదే ఉండిపోతాడు. అంటే నిజానికి అతను కూర్చున్నది తాడు మీదే. చెక్క ఉన్నది ఒళ్లు ఒరుసుకోకుండా."

పైకి వచ్చిన తాళ్లన్నీ కూర్చున్నవాడి తల ఎత్తున ఒకే చోట కలుస్తాయి. మా అమ్మమ్మగారింట్లో పెరుగుకుండ పెట్టే ఉట్టి కూడా అంతే. ఉట్టి ఊగుతుంది కానీ ఒలకదు, చూశారా? వేలాడదీసిన చోటు బరువు మధ్యస్థానానికి పైన ఉన్నంతకాలం వస్తువు ఒరిగినా మళ్లీ సర్దుకుంటుంది. తాళ్లు నడుము దగ్గరే కలిశాయనుకోండి, పెయింటరు కాస్త వెనక్కి వాలితే చాలు, తలకిందులవుతాడు.

ఇక ఆ కలిసిన చోటి నుంచి తాడు పైకి పోతుంది. పైన ఒక గిలక.

గిలక అనగానే నాకు మా ఊరి బావి గుర్తొస్తుంది. చేదకు నీళ్లతో కలిపి పది కిలోలుంటే చాంతాడు పట్టుకున్న చేతిమీదా పది కిలోలే పడతాయి. గిలక బరువు తగ్గించదు. పైకి లాగాల్సినదాన్ని కిందికి లాగే వెసులుబాటు ఇస్తుంది, అంతే. ఇప్పుడు చేద బదులు మన పెయింటరును పెడదాం. మనిషి, పీట, రంగు డబ్బా అన్నీ కలిపి 80 కిలోలు. గిలక మీదుగా దిగిన రెండో కొసను కింద నేలమీద సహాయకుడు పట్టుకున్నాడు. అతని చేతిలో ఎంత పడుతుంది?

"ఎనభై!" అంది మనవరాలు.

"ఔను. ఆ సహాయకుడే అరవై కిలోల వాడైతే?"

ఆలోచించి పకపకా నవ్వింది. "ఆయనే పైకి పోతాడు!"

సరే, రెండో కొసను సహాయకుడికి కాకుండా పీటమీద కూర్చున్నవాడికే ఇద్దాం. తన తాడు తనే లాక్కుంటాడు. ఇప్పుడు చేతిలో ఎంత? ఇక్కడే పెద్ద క్లాసు పిల్లలు కూడా తడబడతారు. మళ్లీ ఎనభైయే అంటారు. కాదు, నలభై. ఎందుకంటే అతన్ని ఇప్పుడు రెండు తాళ్లు మోస్తున్నాయి. ఒకటి పీటకు కట్టింది, ఇంకొకటి అతని చేతిలోది. ఎనభైని రెండూ పంచుకున్నాయి. గిలకలో రాపిడి లేదనుకుని చెప్పే లెక్క ఇది. తన్ను తాను ఎత్తుకునేవాడికి తన బరువు సగమే! అయితే ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. ఒక మీటరు పైకి పోవాలంటే రెండు మీటర్ల తాడు లాగాలి. బరువులో మిగిలినది పొడవులో చెల్లించుకోవాలన్నమాట. పెద్ద పనుల్లో రెండు మూడు గిలకలు జతచేస్తారు. చేతి బరువు ఇంకా తగ్గుతుంది, లాగాల్సిన తాడు ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్కకు ఇంకో మొహం ఉంది, అదే ముఖ్యం. పైనున్న కొక్కెం మీద ఎంత పడుతోంది? తాడు పెయింటరు చేతిలో ఉన్నప్పుడు రెండు వైపులా నలభై నలభై, మొత్తం ఎనభై. అదే కొస నేలమీది మనిషి చేతిలో ఉంటే ఇటు ఎనభై, అటు ఎనభై, కొక్కెం మీద నూట అరవై! ఒక్క గ్రాము బరువు పెరగలేదు. మనిషి అదే, డబ్బా అదే. చేతులు నొప్పెడుతున్నాయని కొస తీసుకెళ్లి కింద ఏ పైపుకో కట్టినా అంతే, పైన బరువు రెట్టింపు. చూశారా, రెండో కొస ఎక్కడుందో అడగడం ఎందుకు ముఖ్యమో!

"కానీ తాతయ్యా, ఆయన రెండు చేతులతో రంగు వేస్తున్నాడుగా. మరి తాడెవరు పట్టుకున్నారు?"

ఇక్కడ అసలు కథానాయకుడు వస్తున్నాడు. పేరు రాపిడి.

పొగరుబోతు కోడెదూడ పలుపు లాక్కుని పారిపోబోతుంటే మా నాన్న ఏం చేసేవాడో తెలుసా? పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి కొసను రెండు వేళ్లతో పట్టుకునేవాడు. దూడ ఎంత గింజుకున్నా కదిలేది కాదు. చుట్టిన తాడు గుంజను ఒరుసుకుంటుంది. ఒక్కో చుట్టు దగ్గరా లాగుడులో కొంత భాగాన్ని గుంజే మింగేస్తుంది. 18వ శతాబ్దపు స్విస్ గణితవేత్త ఆయిలర్ దీనికి సూత్రం కట్టాడు. అందులో చమత్కారం ఏమిటంటే చుట్లు పెరిగేకొద్దీ పట్టు కూడికలా కాక చక్రవడ్డీలా పెరుగుతుంది. ఒక మోస్తరు రాపిడి తీసుకుని లెక్కేస్తే, ఎనభై కిలోల లాగుడును ఒక చుట్టుతో ఆపడానికి పన్నెండు కిలోల బలం కావాలి. రెండు చుట్లయితే రెండు కిలోలు కూడా అక్కర్లేదు. మూడు చుట్లు తిప్పితే మూడొందల గ్రాముల లోపే! పావుకిలో వంకాయలు పట్టుకున్నంత బలంతో మనిషిని ఆపొచ్చు.

పీటను దించే సాధనాలు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఇనప కడ్డీల మధ్య, కొక్కేల మధ్య తాడును మెలికలు తిప్పుతారు. కొస కాస్త వదిలితే పీట మెల్లగా దిగుతుంది, బిగిస్తే ఆగుతుంది. కావలసిన ఎత్తున ఆగి, కొస ముడేసుకుని, రెండు చేతులా రంగు వేసుకోవచ్చు.

మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు చూడండి. మోకు చెట్టునూ అతని నడుమునూ కలిపి చుట్టి ఉంటుంది. చెట్టుకు దగ్గరగా జరిగితే మోకు వదులై పైకి జరుగుతుంది. వెనక్కి వాలితే బరువంతా దానిమీద పడి మానును కరుచుకుంటుంది. బరువు లేనప్పుడు జారాలి, బరువు పడగానే పట్టేయాలి. ఆస్ట్రియాలో కార్ల్ ప్రూసిక్ అనే పర్వతారోహకుడు 1931లో ఇదే గుణమున్న ఒక ముడిని లోకానికి పరిచయం చేశాడు. లావు తాడు చుట్టూ సన్న తాడును మూడు మెలికలు తిప్పే ఆ ముడి ఇవాళ కొండలెక్కేవాళ్లందరికీ తెలుసు. మన తాటివనాల్లో మోకు అప్పటికే ఎన్ని తరాలు చూసిందో! ఆ మోకు తప్పినా మనిషి కింద పడకుండా 2024లో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షా కవచం' పేరుతో గీత కార్మికులకు తాళ్లూ బెల్టులూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

రాపిడి మహానుభావుడే కానీ, దానికి కోపం కూడా ఉంది. అది వేడి రూపంలో బయటపడుతుంది. ఎనభై కిలోల బరువు ఇరవై అంతస్తులు, అంటే అరవై మీటర్లు దిగిందంటే, కోల్పోయిన శక్తంతా తాడుకూ ఇనుముకూ మధ్య వేడిగా మారాలి. ఎంత వేడి? ఒక గ్లాసు మంచినీళ్లను పొగలు కక్కేదాకా కాచేంత. మెల్లగా దిగితే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. సినిమా హీరోలా సర్రున జారితే అదంతా చిన్న ఇనప ముక్కలో పేరుకుని, ఆగినచోట నైలాను తాడును మెత్తబరుస్తుంది. అందుకే అనుభవమున్న పెయింటరు హడావుడిగా దిగడు.

ఇంతలో మనవరాలు ఇంకోటి కనిపెట్టింది. "తాతయ్యా, రెండు తాళ్లున్నాయి! ఒకటి వదులుగా ఉంది."

ఆ వదులు తాడే ప్రాణం తాడు. పీట వేలాడేది ఒకదానికి, మనిషి ఒంటికి కట్టుకున్న పట్టీల బెల్టు తగిలించేది రెండోదానికి. రెండూ పైన వేరువేరు చోట్ల కట్టి ఉండాలి. రెండు కొసలూ ఒకే కొక్కేనికి తగిలిస్తే అది ఊడినప్పుడు రెండూ ఊడతాయి. రెండు తాళ్లున్నాయన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

మొదటి తాడు తెగిందనుకుందాం. మనిషి రెండు మీటర్లు పడ్డాక ప్రాణం తాడు బిగిసింది. అప్పటికి వేగం గంటకు ఇరవై రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఎంత దూరంలో ఆగాడన్నదే ఇప్పుడు కీలకం. పది సెంటీమీటర్లలో ఆగితే ఒంటిమీద పడే సగటు బలం అతని బరువుకు ఇరవై ఒక్క రెట్లు. డెబ్భై కిలోల మనిషికి దాదాపు ఒకటిన్నర టన్నులు, వెన్నెముక ఏమైపోతుంది? అదే ఒక మీటరు దూరంలో మెల్లగా ఆగితే మూడు రెట్లే. అందుకే ఆ బెల్టుకూ తాడుకూ మధ్య మడతలు పెట్టి కుట్టిన ఒక పొట్లం ఉంటుంది. జర్కు తగలగానే కుట్లు పటపటా తెగుతూ మడత విప్పుకుంటుంది. తెగడమే దాని ఉద్యోగం. ఒకసారి తెగిన పొట్లాన్ని మళ్లీ కుట్టి వాడకూడదు.

పడలేదు కదా, వేలాడుతున్నాడు కదా, ఇంక భయం లేదనుకోకండి. బెల్టుకు కదలకుండా వేలాడేవాడి నెత్తురు కాళ్లలోకి దిగిపోతుంది. మనం నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు పిండి పిండి ఆ నెత్తుర్ని పైకి తోస్తుంటాయి. కాళ్లు ఆడకపోతే ఆ పంపు ఆగుతుంది. నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. కాబట్టి వేలాడే మనిషిని ఎలా దించాలో పని మొదలుపెట్టకముందే ఆలోచించుకోవాలి. పీటకున్న గొప్పతనం కూడా ఇక్కడే తెలుస్తుంది. తొడల కింద ఆనుడు ఉంటుంది, కాళ్లు గోడకు తన్నిపెట్టి ఆడించుకోవచ్చు.

కాళ్లంటే గుర్తొచ్చింది, గోడకు అంటుకుని ఉండటం కూడా ఒక విద్యే. పైకొసకు మూడు మీటర్ల కింద ఉన్నప్పుడు ఒక మీటరు పక్కకు జరగాలంటే పాతిక కిలోల పైగా బలం పెట్టాలి. యాభై మీటర్ల కింద ఉన్నప్పుడు అదే మీటరు జరగడానికి కిలోన్నర చాలు. పనికి హాయి. కానీ గాలికి కూడా అంతే హాయి! పొడుగు తాడుకు వేలాడేవాణ్ణి చిన్న గాలి సైతం లోలకంలా ఊపేస్తుంది. యాభై మీటర్ల తాడు ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పద్నాలుగు సెకన్లు పడుతుంది. పైగా గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. అందుకే ఎక్కువ గాలిలో పని ఆపేస్తారు. గచ్చిబౌలి అద్దాల మేడలు తుడిచేవాళ్ల చేతిలో రబ్బరు గిన్నె లాంటిది చూసుంటారు. దాన్ని అద్దానికి నొక్కితే లోపలి గాలి పోయి, బయటి గాలి ఒత్తిడి పట్టి ఉంచుతుంది. అరచేయంత గిన్నె చాలు, ఆపాల్సింది కిలోన్నరే కదా.

ఇక అన్నిటికన్నా పైది. తాడు చివరికి దేనికి కట్టారు?

పిట్టగోడకు మాత్రం కట్టకూడదు. పాపం, దాన్ని కట్టింది మనం తొంగిచూస్తే పడకుండా ఉండటానికి. పక్కకు లాగితే ఇటుకలతో సహా వస్తుంది. గట్టి కాంక్రీటు స్తంభానికి కట్టాలి. అది కుదరకపోతే డాబామీద దూలం పెట్టి అంచు దాటించి, వెనక బరువులు పెడతారు. అది పిల్లల తూగుబల్ల లెక్కే. బయటికి అర మీటరు, లోపలికి రెండు మీటర్లుంటే, బయటి ఎనభై కిలోలకు లోపల ఇరవై కిలోలు సరితూగుతాయి. సరితూగితే చాలదు. కనీసం నాలుగు రెట్లు, అంటే ఎనభై కిలోలుండాలని అమెరికా నిబంధన. ఇసక బస్తాలు పెట్టకూడదని కూడా అంది. బస్తాకు చిల్లు పడితే సాయంత్రానికి ఇసక సగమవుతుంది. బరువు తగ్గినట్టు కింద వేలాడేవాడికి ఎవరు చెబుతారు? పీటను వేలాడదీసే తాడు మోయాల్సిన బరువుకు ఆరు రెట్లు మోయగలగాలి. తాడుమీద దిగే పనికి వాడే కొక్కెం ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే రెండు టన్నుల పైచిలుకు ఆపాలని 2016లో అక్కడ నిబంధనే పెట్టారు. మనకూ 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది.

ఎనభై కిలోల బరువుకు అంత గట్టి తాడెందుకు అంటారేమో. ఆ బలాన్ని తినేవాళ్లు చాలామంది. ముడి వేసిన చోట నాలుగో వంతో, అంతకన్నా ఎక్కువో పోతుంది. ఎండ కొంత తింటుంది. టైల్స్ మీది సిమెంటు మరకలు కడిగే యాసిడ్ చుక్క పడితే నైలాను పైకి బాగానే ఉండి లోపల కుళ్లుతుంది. అందరికన్నా పెద్ద దొంగ పిట్టగోడ అంచు. బరువుతో బిగిసిన తాడు కాంక్రీటు అంచుమీద అటూ ఇటూ కదిలితే రంపం కింద పెట్టినట్టే. ఆ అంచుమీద మడతపెట్టి వేసే గోనెపట్టా ఖరీదు ఎంత? అది కాపాడేది ఎంత?

ఒక్కోసారి ఆ దొంగ మనిషే కావచ్చు. 2021 అక్టోబరులో బ్యాంకాక్ పక్కన నొంతబురిలో ఒక ఎత్తయిన అపార్టుమెంటుకు రంగులు వేస్తున్నారు. కిటికీ ముందు పనివాళ్లు కనిపించారని కోపగించి ఒక మహిళ వాళ్ల తాడును కోసేసిందని వార్తలు వచ్చాయి. ఇద్దరు పెయింటర్లు గాలిలో వేలాడిపోయారు. అప్పుడు అదే భవనంలో ఇంకో ఇంటివాళ్లు కిటికీ తెరిచి వాళ్లను లోపలికి లాక్కున్నారు. రెండో కొస డాబామీదే ఉంటుందనుకుంటాం. ఆ తాడు మన కిటికీల ముందు నుంచే పోతుంది, మన మంచితనం కూడా అందులో ఒక పోగు.

ఇదంతా విన్నాక మనవరాలు చెప్పులేసుకుంది. "పద తాతయ్యా, చూసొద్దాం."

లిఫ్టు దిగి ఇంకో మెట్ల వరస ఎక్కి డాబామీదికి వెళ్లాం. తెల్లతాడు ఒక స్తంభానికి, పచ్చతాడు ఇంకో స్తంభానికి. పిట్టగోడ అంచున మడతపెట్టిన గోనెపట్టా ఉంది. నా లెక్కలన్నీ సరిపోయాయి. లెక్కలో నేను చెప్పనిది ఒకటి కనిపించింది. స్తంభాల మధ్య ఖాళీ రంగు డబ్బా బోర్లించి దానిమీద ఒకాయన కూర్చున్నాడు. రోలరు లేదు, బ్రష్షు లేదు, చేతిలో ఫోను కూడా లేదు.

"అంకుల్, మీకు పని లేదా?" అని అడిగింది మనవరాలు.

ఆయన ముడిమీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "ఇదే పని పాపా."